కోసేసిన నాలుగు నిమిషాలు

అది కాదమ్మా దుర్గా, ఆదివారం పూట ఇంటికి తాళం పెట్టుకుని పోతే ఎలా చెప్పు? మూడుసార్లొచ్చాను నేను. మూడుసార్లు! ఈ మోకాళ్ళేసుకుని, ఆ ఎండలో. మీ పక్కింటి ఏసమ్మ నన్ను చూసి, "ఏంటి తాతాజీ గారూ, కుక్క తరిమిందా?" అని ఒకటే నవ్వు. మీరు పెనుగొండ అమ్మవారి గుడికెళ్ళారని ఆవిడే చెప్పింది. వెళ్ళండి, వద్దన్నానా? నెలకి నాలుగు ఆదివారాలుంటాయి, సరిగ్గా నిన్నే వెళ్ళాలా అని నా బాధ.

అబ్బే, కోప్పడ్డానికి రాలేదు. నీ మీద కోపం దేనికమ్మా నాకు. ఇదిగో, ఈ అరుగు మీద కూర్చుంటాను. లోపలికొద్దు. నువ్వు లేసు అల్లుకో తల్లీ, పనాపక్కర్లేదు. శుక్రవారానికి నరసాపురం వాళ్ళొచ్చి పట్టుకుపోతారు కదా, ఆలస్యమైతే ఎన్ని మాటలంటారో నాకు తెలుసు. మా ఆవిడ చిట్టెమ్మ కూడా పెళ్ళికి ముందు అల్లేది.

టైమెంతయ్యిందమ్మా? మూడా? మీ ఆయన మిల్లులో డ్యూటీ దిగేది నాలుగింటికే కదూ? అయితే గంటుంది. పర్లేదు. ఆయనొచ్చేలోపల చెప్పేసి వెళ్ళిపోతాను.

మంచినీళ్ళా? ఇప్పించు తల్లీ. నోరెండిపోతోంది.

నిన్న టీవీలో ఒక సినిమా వేశారమ్మా. మధ్యాహ్నం ఒంటిగంటకి. అన్నం తిని మంచమ్మీద వాలాను, మా చిట్టెమ్మ టీవీ పెట్టి అక్కడే నిద్రపోయింది. పేర్లు పడుతున్నాయి. ఏదో తెలిసిన మ్యూజిక్కే అనుకుంటూ కళ్ళు తెరిచి చూద్దును కదా, "ఏడో కందకం" అని పేరు. లేచి కూర్చున్నాను.

గుర్తుందా?

గుర్తుండకేం. సూది ఆపేశావుగా.

ఆ సినిమా ఎవరికీ గుర్తులేదమ్మా. తీసినవాళ్ళకైనా గుర్తుందో లేదో. తొంభై రెండులో వచ్చింది. పోస్టరు మీద ట్యాంకులు, మంటలు, పైన విమానాలు. మన జనం ఎగబడి వచ్చారు. తీరా చూస్తే లోపల ట్యాంకూ లేదు, విమానమూ లేదు. మంచుకొండ మీద ఒక గొయ్యి. ఆ గోతిలో పన్నెండుమంది సోల్జర్లు. శత్రువు వస్తాడు, వస్తాడు అని కూర్చుంటారు. వాడు తెర మీదకి రాడు. ఫస్టు షోలో ఒకడు లేచి "ఒరేయ్, యుద్ధం ఎప్పుడ్రా?" అని అరిచాడు, హాలు హాలంతా గొల్లుమంది. పైన మిషను గదిలో నేనూ నవ్వాను. రాజమండ్రిలో నాలుగు రోజులు ఆడిందేమో. మన హాలు ఓనరు అప్పాజీ గారు పెద్ద సినిమా దొరక్క, మధ్యలో ఖాళీ పూడ్చడానికి మూడు రోజులకి తెచ్చారు.

ముప్పై రెండేళ్ళు అప్పాజీ గారి హాల్లో ఆపరేటరుగా చేశాను కదా, నువ్వు నమ్మవుగానీ, సినిమా చూసింది చాలా తక్కువ. మిషను చూసుకోవాలి, లోపల వెలుగిచ్చే కార్బను కడ్డీలు కాలేకొద్దీ జరుపుకోవాలి, రీలు అయిపోయేలోగా రెండో మిషను సిద్ధం చేసుకోవాలి. ఆ గోడ కన్నంలోంచి తెర మీద వెలుగుందా లేదా అనే చూసేవాణ్ణి. కథ ఎవడికి కావాలి? నిన్నే మొదటిసారి ఆ సినిమా మొదటినుంచి చూశాను.

ఎంత బాగుందమ్మా! నిజంగా. నాకు సిగ్గేసింది.

ఆ పన్నెండుమందినీ ఏం పట్టుకున్నాడమ్మా ఆ తీసినాయన! ఒకడు పొద్దస్తమానం చొక్కా బొత్తాలు లెక్కపెట్టుకుంటుంటాడు. ఒకడికి పెళ్ళే కాలేదు, లేని పెళ్ళానికి ఉత్తరాలు రాస్తుంటాడు. ఇంకొకడికి నవ్వొస్తే ఆగదు, నోట్లో గుడ్డ కుక్కుకుంటాడు. వాళ్ళ పెద్దాఫీసరు ఒకరోజు పొద్దున్నే బూటుతాడు కట్టుకోలేక చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు. మిగతావాళ్ళంతా చూడనట్టు అటు తిరుగుతారు. తుపాకీ పేలదు. మనుషులు మాత్రం ఒక్కొక్కళ్ళూ లోపల్లోపల పేలిపోతుంటారు.

ఇది కదా మనవాళ్ళు ఈలలేసి గోల చేసిన సినిమా అనుకున్నాను. ఆ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. అది ముందుందని. ఇంటర్వెల్ తర్వాత వస్తుందని. అంతే, ఇక మంచమ్మీద కాలు నిలవలేదు. యాడ్సు పడగానే మీ ఇంటికి పరిగెత్తాను. తాళం. వెనక్కెళ్ళి చూసి, మళ్ళీ యాడ్సు రాగానే మళ్ళీ పరిగెత్తాను. సబ్బులనీ, టీపొడులనీ ఎప్పుడూ తిట్టుకునేవాణ్ణి, నిన్న మాత్రం ఇంకో రెండు వెయ్యండ్రా బాబూ అని దణ్ణం పెట్టుకున్నాను. మూడోసారీ తాళమే.

ఆ సీనొచ్చింది. నేనొక్కణ్ణే చూశాను.

ఏ సీనని అడుగుతున్నావా? నీకు తెలుసమ్మా ఏ సీనో. లేదన్నానే, ఆ సీను.

చెప్తాను, చెప్తాను. అలా చూడకు. వరసగా చెప్పనీ, లేకపోతే చెప్పలేను.

హాల్లో జనం గోల చేస్తే మేము ఏం చేసేవాళ్ళమో తెలుసా? కోసేసేవాళ్ళం. ఏ ముక్క దగ్గర ఈలలేస్తున్నారో చూసి, ఆ ముక్క కత్తిరించి, అటూ ఇటూ అతికించేసేవాళ్ళం. మూడు రోజులయ్యాక మళ్ళీ అతికించి రీళ్ళ డబ్బా వెనక్కి పంపేవాళ్ళం. డిస్ట్రిబ్యూటరుకి తెలిస్తే ఒప్పుకోడు, కానీ ఎవడు చూడొచ్చాడు? ఈ చుట్టుపక్కల హాళ్ళన్నిట్లో జరిగేదే. నేనందులో మొనగాణ్ణి. కోసినట్టు కూడా తెలిసేది కాదు. తణుకు నుంచి ఆపరేటర్లొచ్చి నా దగ్గర నేర్చుకునేవాళ్ళు. గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. ఛీ.

ఆ సినిమాలో నాలుగు నిమిషాల ముక్కొకటి. ఇద్దరే మనుషులు, చీకట్లో గుసగుసగా మాట్లాడుకుంటారు. మొదటిరోజు ఆ ముక్క దగ్గర జనం కుర్చీలు బాదారు. రెండోరోజు పొద్దున్నే కోసేసి, చుట్టగా చుట్టి తలుపు వెనకాల మేకుకి తగిలించాను.

ఆ రోజు మ్యాట్నీకే మీరొచ్చారు.

నువ్వూ, మీ ఆయనా, మీ అత్తగారు అప్పాయమ్మగారూ. మీ పాపని ఎవరి దగ్గరో వదిలినట్టున్నారు, తేలేదు. బాల్కనీ టిక్కెట్లు. మిలట్రీ బుల్లబ్బాయి గారు పెళ్ళాన్ని సినిమాకి తీసుకొచ్చాడంట అని కింద క్యాంటీన్లో చెప్పుకున్నారు. అప్పటికి ఆయన శ్రీలంక యుద్ధం నుంచి తిరిగొచ్చి రెండేళ్ళు, ఇంటికొచ్చేసి ఏడాది దాటింది. ఎవరితో మాట్లాడేవాడు కాదు కదా. అలాంటిది సినిమాకి! మీ అత్తగారు పట్టుచీర కట్టుకొచ్చారు. నువ్వు కనకాంబరాలు పెట్టుకున్నావు. నాకెందుకు గుర్తుందంటే, నిన్నట్నుంచీ అదే కళ్ళముందు తిరుగుతోంది.

సినిమా మధ్యలో నీ చెయ్యి పట్టుకుని "ఇప్పుడు చూడు" అన్నాడంట కదా? తర్వాత మీ అత్తగారు ఊరంతా చెప్పి ఏడ్చారు, అలా తెలిసింది. "ఇప్పుడు చూడు, జాగ్రత్తగా విను" అన్నాడంట. తెర మీద చూస్తే సోల్జర్లు రొట్టెలు తింటున్నారు. ఏముంది చూడ్డానికి? నువ్వు ఏంటండీ అని అడిగావంట. ఆయన లేచి నిలబడ్డాడంట.

నేను కోసిన ముక్క అక్కడ రావాల్సిందమ్మా.

ఆట అయిపోయాక పైకొచ్చాడు. వెనకాల మెట్ల మీద నువ్వున్నావు, మీ అత్తగారున్నారు. "అన్నా, ఒక సీనుండాలి, కందకంలో దెబ్బ తగిలినవాడి సంగతి ఒకడు చీకట్లో ఇంకొకడికి చెప్పేది, అది రాలేదేంటి?" అన్నాడు. మెల్లగానే అన్నాడు. దబాయించలేదు పాపం.

నేనేమన్నానో నువ్వు విన్నావు. "అలాంటి సీను ఈ సినిమాలో లేదండీ" అన్నాను.

"పోయిన నెల పెన్షను పని మీద వెళ్ళినప్పుడు రాజమండ్రిలో చూశానన్నా" అన్నాడు. "ఇంకేదో సినిమా చూసుంటారండీ" అన్నాను. "కాదన్నా, ఇదే, నేను చూశాను" అన్నాడు. నేను నవ్వాను. నవ్వి... చెప్పడానికి నోరు రావట్లేదు. "మిలట్రీ నుంచి వచ్చారు కదండీ, లేనివి కూడా కనపడుతుంటాయి లెండి" అన్నాను.

ఆ మొహం చూశావా నువ్వు? నువ్వు మెట్ల మీదున్నావు, వీపే చూసుంటావు. నేను చూశాను. నేను చెప్పింది నిజమేనేమో అని ఆలోచిస్తున్నట్టు పెట్టాడు మొహం. అప్పటికే ఆయనకి రాత్రిళ్ళు నిద్ర లేదు, ఏది కలో ఏది నిజమో తెలియట్లేదు. అలాంటి మనిషి ఒక్కటంటే ఒక్కటి గట్టిగా పట్టుకున్నాడు, నేను దాన్ని కూడా లాగేశాను. "అలాగా అండి" అన్నాడు. అని కిందికి దిగిపోయాడు.

ఆ తర్వాత సంగతి నేను చెప్పక్కర్లేదు. వారం తిరక్కుండా మీ అత్తగారు విశాఖపట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరుగారు ఎప్పట్నుంచి ఇలా ఉందని అడిగితే, "లేని సీను చూశానంటున్నాడండీ" అని నువ్వే చెప్పావంట. తప్పేముందమ్మా? నువ్వు విన్నదే చెప్పావు. వాళ్ళు అదే కాగితం మీద రాసుకున్నారు. పన్నెండేళ్ళుగా ఆయన మింగే మాత్రల చీటీ మీద మొదటి లైను నేను చెప్పిన అబద్ధమే.

ఆయనకి జబ్బు లేదని నేననట్లేదు. ఉండేది, తెలుస్తూనే ఉంది. కానీ చెప్పుకుని తేలికపడే మనిషి నోరు కుట్టేశాం కదా. కుట్టేశాం కాదు. కుట్టేశాను.

ఏముంది అందులో అంటావా.

చెప్తాను. అది చెప్పడానికే వచ్చాను. నీళ్ళు ఇంకాసిని పొయ్యి.

రాత్రి. మంచు. కందకం బయట ఒక కుర్రాడు మందుపాతర మీద కాలేశాడు. కాలు పోయింది. ఇంకొకడు పాక్కుంటూ వెళ్ళి వాణ్ణి లోపలికి లాక్కొచ్చాడు. ఇద్దరూ స్నేహితులు, ఒకే కంచంలో తిన్నవాళ్ళు. దెబ్బ తగిలినవాడు అరుస్తున్నాడు. అమ్మా అని, నీళ్ళని. అటువైపు శత్రువులు దగ్గరికొచ్చేశారు, మాటలు వినపడుతున్నాయి. అరుపు విన్నారంటే పన్నెండుమందీ పోతారు. ఆఫీసరు సైగ చేశాడు. నోరు ముయ్యమని.

వీడు మూశాడమ్మా. కుడిచేత్తో, స్నేహితుడి నోరు. ఎంతసేపో. శత్రువులు వెళ్ళిపోయేదాకా. చెయ్యి తీసి చూస్తే వాడు లేడు.

అదంతా చూపించరు. మర్నాడు చీకట్లో ఇంకొకడికి చెప్తాడు, అంతే. ఆ నాలుగు నిమిషాలూ అదే. "దెబ్బకి పోయాడో, నా చేతికి పోయాడో నాకు తెలీదు" అంటాడు. "చివర్లో వాడు నా అరచేతిని కొరికాడు, నేను తియ్యలేదు" అంటాడు. తర్వాత చెయ్యి చూసుకుంటూ, "ఈ చెయ్యి ఇంక ఎవరి నోటి దగ్గరికీ తీసుకెళ్ళలేను. నా నోటి దగ్గరికి కూడా" అంటాడు. రొట్టె పక్కనపెట్టేస్తాడు.

దుర్గా.

సూది గుచ్చుకుంటుంది, కింద పెట్టమ్మా.

మీ ఆయన చెంచాతో తింటాడు కదా. పెళ్ళిళ్ళలో కూడా. జేబులో చెంచా పెట్టుకొస్తాడని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళం. మిలట్రీ దర్జా అనుకునేవాళ్ళం. నేనూ అన్నానమ్మా ఆ మాట.

ఇక మీ పాప దుర్గాశ్రీ అన్నప్రాసన, ఆ సినిమాకి ముందే జరిగింది. ఏడో నెల. నేనూ వచ్చాను ఆ రోజు, ఇదిగో ఈ వాకిట్లోనే పందిరి. పంతులుగారు వెండిగిన్నెలో పాయసం పెట్టి, తండ్రిని తన చేత్తో ముట్టించమన్నారు. ఆయన చెయ్యి ఇంతెత్తు లేపాడు. పాప నోరు తెరిచింది. ఆయన లేచి గొడ్ల సావిట్లోంచి పొలాల్లోకి పారిపోయాడు. పీటల మీద నువ్వొక్కదానివే మిగిలావు.

ఆ రోజు సాయంత్రానికి ఊరు ఏమందో నాకు తెలుసు. ఆయన సెలవు మీద ఎప్పుడొచ్చాడు, పాప ఎప్పుడు పుట్టింది అని వేళ్ళు మడిచి నెలలు చూశారు. పాప పది రోజులు ముందు పుట్టడమే నేరమైపోయింది. తండ్రి పిల్లని ముట్టుకోడంటే ఊరికే ముట్టుకోడా అన్నారు. మీ అత్తగారు పోయేదాకా నీకు ఆ మాట తప్పలేదు. ఆయన నోరు విప్పి ఔనన్నదీ లేదు, కాదన్నదీ లేదు. నువ్వూ అదే అనుకున్నావు కదమ్మా? నన్ను అనుమానించాడు, అందుకే నా పిల్లని దగ్గరికి తియ్యడు అని.

అనుమానం కాదమ్మా. ఆ చెయ్యి.

శ్రీలంక అడవిలో ఏం జరిగిందో నాకు తెలీదు. అచ్చం అలాగే జరిగిందో, ఇంకోలాగో. కానీ ఆయన రాజమండ్రిలో ఆ సీను చూశాడు. తను చెప్పలేనిది ఎవడో చెప్పేశాడు అనుకున్నాడు. అందుకే నిన్ను తీసుకొచ్చాడు. "ఇప్పుడు చూడు" అన్నది అందుకు. నీతో చెప్పుకోవడానికి అది తప్ప ఇంకో దారి దొరకలేదు ఆయనకి.

ఏడువమ్మా. ఏడువు. నేను అటు తిరిగి కూర్చుంటాను.

ఏంటీ? ఎందుకు చెప్పలేదంటావా? అప్పుడే ఎందుకు చెప్పలేదని.

అప్పాజీ గారు నా వెనకాలే నించున్నారమ్మా. గదిలోనే ఉన్నారు. కోశామని బయటికి పొక్కితే డిస్ట్రిబ్యూటరు మళ్ళీ బొమ్మ ఇవ్వడు, నా ఉద్యోగం పోయేది. ముగ్గురు ఆడపిల్లలు నాకు. ఓనరు ఎదురుగా నిజం ఎలా చెప్పను? అప్పాజీ గారు పోయారు ఇప్పుడు, ఆయన ఆత్మకి శాంతి కలగాలి, నేననకూడదుగానీ...

అలా చూడకమ్మా.

సరే. లేరు. అప్పాజీ గారు ఆ రోజు ఊళ్ళోనే లేరు. తణుకులో ఏదో పెళ్ళికెళ్ళారు. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. కొయ్యమన్నది కూడా ఆయన కాదు, నేనే. నిన్నట్నుంచీ దారి పొడుగునా ఆయన్ని నా వెనకాల నిలబెట్టి నిలబెట్టి చూసుకున్నాను, నిలబడట్లేదు.

ఇంకోటుంది. అది నీకు తెలీదు.

మీరు కిందికి దిగాక, నువ్వూ మీ అత్తగారూ సైకిలు స్టాండు దగ్గర నిలబడ్డారు చూడు, ఏదో మర్చిపోయానని చెప్పి ఆయన మళ్ళీ పైకొచ్చాడు. ఒక్కడే. తలుపు దగ్గరగా వేశాడు. వేస్తే ఏం కనపడాలి? తలుపు వెనకాల మేకుకి ఆ చుట్ట. ఆయనకేం తెలుసు అదేంటో. దాని పక్కనే నించుని అడిగాడమ్మా. "అన్నా, కోసుంటే చెప్పు. నేనెవరికీ చెప్పను. జనం పోయాక ఒక్కసారి వెయ్యి. మా ఆవిడ ఒక్కతే చూస్తుంది. నాకు నోటితో రావట్లేదు" అన్నాడు. దణ్ణం పెట్టాడు. మిలట్రీ మనిషి, నాకు దణ్ణం పెట్టాడు.

నాలుగు నిమిషాల పని. ఫస్టు షోకి ఇంకా గంటన్నర టైముంది. నాకు ఏ భయమూ లేదు. ఆ మనిషి ఎవరికీ చెప్పడని కూడా తెలుసు. కానీ అప్పుడే కదా లేదన్నాను, నవ్వాను కూడా. ఇప్పుడు ఉందంటే నేను అబద్ధాలకోరునవుతాను. అంతేనమ్మా. నా మాట నేను దిగమింగలేక, "లేదని చెప్పానా లేదా?" అని గసిరాను. గసిరి, రీళ్ళు చుట్టుకుంటున్నట్టు వీపు తిప్పేశాను.

మూడోరోజు రాత్రికి ఆ ముక్క మళ్ళీ అతికించి పంపేశాను. ఎంత శుభ్రంగా అతికించానో. నిన్న టీవీలో వచ్చింది ఆ డబ్బాలోదో, ఇంకో డబ్బాలోదో ఎవరికి తెలుసు.

ఆ తర్వాత ఎన్నిసార్లు ఎదురుపడలేదమ్మా ఆయన! విశాఖపట్నం నుంచి వచ్చాక సన్నబడి, మాట మెత్తబడి, "బాగున్నారాండీ" అని నన్నే ముందు పలకరించేవాడు. ఒక్కసారి కూడా నా మీద నిష్ఠూరం లేదు. నేను అన్నది నమ్మేశాడు కదా మరి. మీ దుర్గాశ్రీ బడి నుంచి వస్తుంటే ఆయన నాలుగడుగులు వెనకాల నడిచేవాడు. అంత దూరం నుంచే చూసుకునేవాడు. టీ కొట్టు దగ్గర కూర్చుని నీ గురించి వాళ్ళు అనేవన్నీ విన్నాను. టీ తాగేసి లేచొచ్చేసేవాణ్ణి. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం. హాలు మూసేశాక చెప్దాం అనుకున్నాను. హాలు మూసి కూడా మూడేళ్ళయింది. నిన్న ఆ సీను చూసేదాకా ఆ చెయ్యి సంగతి నాకు తెలీదు, ఒట్టు. అంత పెద్దదని తెలీదు. కానీ ఏదో పెద్దదేనని ఆ దణ్ణం చూస్తే తెలియదా? తెలుసు.

నన్ను తిట్టమ్మా. కొట్టు, పర్లేదు. ఏదో ఒకటి అను.

ఆ సినిమా మళ్ళీ వేయమని టీవీ వాళ్ళకి కార్డు రాస్తాను. మా అల్లుణ్ణి విజయవాడలో సీడీల కొట్లన్నీ అడగమన్నాను. ఇలాంటి సినిమాకి సీడీ ఎవడు తెస్తాడన్నాడుగానీ, అడుగుతానన్నాడు. ప్రస్తుతానికి నా నోటిమాటే ఉంది నీకు. నా నోటిమాటకి విలువెంతో నీకిప్పుడే చెప్పానుగా.

సైకిలు బెల్లు... ఆయనేనా? నాలుగవలేదే ఇంకా?

నేను వెళ్తానమ్మా. నువ్వు నిదానంగా, సమయం చూసుకుని ఆయనకి... ఏంటీ? నేనా? నేనే చెప్పాలా?

దుర్గా, కండువా వదులు తల్లీ. దుర్గా. ఆయన ఎదురుగా నా వల్ల కాదు.

సరే. సరే. వదులు, వెళ్ళను.

నమస్కారమండీ బుల్లబ్బాయి గారూ. నేనేనండి, తాతాజీని. ఆఁ, బాగానే ఉన్నానండి. హాలా? హాలెక్కడుందండీ, ధాన్యం బస్తాలు వేస్తున్నారు అందులో. మీరు సైకిలు స్టాండు వెయ్యండి ముందు. ఇలా కూర్చోండి. ఆవిడకేం కాలేదండి, నేనే ఏడిపించాను. మీకొక మాట చెప్పాలి.

పన్నెండేళ్ళ కిందట మీరొక సినిమాకొచ్చారు. ఏడో కందకం. ఆట అయ్యాక పైకొచ్చి నన్నొక సీను గురించి అడిగారు. ఆ సీను ఉందండి. నేనే కోసేశాను. కోసి, మీతో లేదని అబద్ధం చెప్పాను. మీరు చూసింది నిజమేనండి. ఉన్నదే చూశారు.

ఏంటండీ?

లేదంటారేంటండీ? ఊహ కాదండి. డాక్టరుగారు చెబితే మాత్రం, ఆయన చూశాడా సినిమా? నేను చూశాను. నిన్న, మా ఇంట్లో, ఈ రెండు కళ్ళతో. మంచు, చీకటి, ఆ కుర్రాడు తన చెయ్యి చూసుకుంటూ, దాంతో స్నేహితుడి నోరు మూసిన సంగతి చెప్పడం... అయ్యో, మీరు లేవకండి. కూర్చోండి. నా మాట వినండి.

మొదట్లో అలాగే అనిపిస్తుందంటారా? చూసినట్టే ఉంటుందంటారా? లేదండీ, బుల్లబ్బాయి గారూ, అది మీకు జబ్బు కాదు. ఛ, నాక్కూడా కాదు. నిజంగా ఉందండి.

నాకు మాత్రలెందుకండీ? ఆ డబ్బా లోపల పెట్టండి బాబూ, నాకేం జబ్బు లేదు. పొద్దునొకటి, రాత్రొకటి అంటారేంటండీ నాతో? మెల్లగా మర్చిపోతానా? మీరెంత దయగా చెప్తున్నారండీ నాకు...

అమ్మా దుర్గా, నువ్వైనా చెప్పమ్మా ఆయనకి.